మడుగు నీళ్లకో సబ్మిట్ బటన్

ఒక పెద్ద అడవిలో ఒక బటన్ పనిచేయలేదు. కథ ఇంతే. నిలబడి వినేసి వెళ్లిపోవచ్చు, కూర్చోనక్కర్లేదు.

కాకపోతే బటన్ అన్నాక అది ఏ ఫారం మీద ఉందో చెప్పాలి. ఫారం అన్నాక దాన్ని తయారుచేసిన జంబులింగం గురించి చెప్పాలి. జంబులింగం నక్క. పుట్టుకతోనే నక్క, నేనేమీ పోలిక చెప్పడం లేదు. అడవి పాలక సంఘానికి సెక్రటరీ. ఎవరి గురించీ చెడ్డగా మాట్లాడటం నాకు అలవాటు లేదు కాబట్టి అతను మంచివాడని చెప్పి ఊరుకుంటాను. అతని అత్తగారు మాత్రం అలా ఊరుకోదు.

సంఘానికి అధ్యక్షుడు దంతయ్య. ఏనుగు. ఆయన అధ్యక్షుడెలా అయ్యాడంటే, ఆ కుర్చీలో ఒకసారి కూర్చున్నాక లేపడం ఎవరి వల్లా కాలేదు. ఆయన ఏ కాగితమూ చదవడు. చదవకుండానే తల ఊపుతాడు. ఏనుగులు ఊరికే నిలబడ్డా తల ఊపుతూనే ఉంటాయి కదా, తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా గట్టెక్కడానికి అదొక సౌకర్యం.

ఇంకొకాయన ఎలుగుబంటి బొచ్చయ్య. ఉపసంఘం సభ్యుడు. ఏ ఉపసంఘం అని అడక్కండి, ఏది వేసినా అందులో ఆయన ఉంటాడు. సమావేశాల్లో విప్పపువ్వు పెడతారు.

కంప్యూటర్ విభాగం కొండముచ్చు కిష్కింధరావుది. అడవికి కంప్యూటర్లు ఎలా వచ్చాయంటారా? మీ ఊరి ఆఫీసుకి ఎలా వచ్చాయో అలాగే వచ్చాయి. ముందు దుమ్ము పడకుండా కప్పే గుడ్డలు వచ్చాయి. తరువాత కంప్యూటర్లు వచ్చాయి. ఆ తరువాత ఎప్పుడో కరెంటు వచ్చింది. ఫోన్లంటారా, అవి ఈపాటికి చీమల దగ్గర కూడా ఉన్నాయి.

ఎక్కడున్నాం? ఆ, బటన్.

అడవి నడుమ నల్లమడుగు అని ఒకటుంది. వాగులన్నీ ఎండినా అది ఎండదు. దాహం వేసినవాళ్లు వెళ్లి తాగేవారు, తాగాక ఇంటికి వెళ్లేవారు. తాతల కాలం నుంచీ ఇదే పద్ధతి.

"ఇందులో పాలన ఎక్కడుంది?" అన్నాడు జంబులింగం ఒక సమావేశంలో.

నిజంగానే లేదు మరి.

ఆ వేసవి నుంచి దరఖాస్తు పెట్టుకుని చీటీ తెచ్చుకున్నవాళ్లే మడుగులో తాగాలని తీర్మానం చేశారు. దంతయ్య తల ఊపాడు. ఊపి, ఆ ఊపులోనే ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"నీళ్ల ముందు అందరూ సమానమే. నియమం ఒప్పుకోకపోతే ఎవరినైనా సరే, నన్నైనా సరే, మడుగు గట్టు మీదే ఆపేయండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. మడుగుకి కాపలాగా పెట్టిన దుమ్ములగొండి బొమికయ్య మాత్రం కొట్టలేదు. అతను ఒకసారికి ఒక పనే చేయగలడు. అప్పుడు ఆ మాటని గుర్తుపెట్టుకునే పనిలో ఉన్నాడు.

ఇక ఫారం. ఆ ఆఫీసులో కొత్త ఫారం అంటూ ఏదీ పుట్టదు. పాత ఫారం ఒకటి తెరుస్తారు, పై వరుస చెరిపి కొత్త పేరు పెడతారు, సేవ్ చేస్తారు. అంతకుముందు ఎలుకల జనాభా లెక్కకి ఒక ఫారం వచ్చింది. అందులో 'వధువు తరఫు బంధువులు' అని ఒక గడి ఉండేది. ఎందుకుందని ఎలుకలు అడగలేదు. శ్రద్ధగా నింపాయి కూడా.

అంతకు కొన్నాళ్ల ముందు జంబులింగం పక్కనున్న రాళ్లమెట్ట అడవికి శిక్షణకి వెళ్లొచ్చాడు. శిక్షణలో ఏం నేర్చుకున్నాడో తెలియదు గానీ, వచ్చేటప్పుడు ఒక సంచి, ఒక పెన్ను, ఒక పీడీఎఫ్ ఫారం తెచ్చుకున్నాడు. చూడటానికి బాగుంది. నింపుకోవడానికి గడులు, టిక్ పెట్టడానికి చదరాలు, అడుగున నీలం రంగులో 'సబ్మిట్' అని బటన్. జంబులింగం పై వరుస చెరిపి 'నల్లమడుగు నీటి వాడకానికి దరఖాస్తు' అని పెట్టాడు. మూలన ఒక ఏనుగు బొమ్మ పెట్టాడు. ఆ కింద ఏముందో చదవడం సెక్రటరీ స్థాయి పని కాదు.

ఫారం అందరికీ ఈమెయిల్లో వెళ్లింది. దాంతోపాటు ఒక హెచ్చరిక: ఆకుల మీద, బెరడు మీద రాసి తెచ్చినవి చెల్లవు. సబ్మిట్ బటన్ ద్వారా వచ్చినవే చెల్లుతాయి.

ప్రారంభోత్సవం రోజున జంబులింగం ఆఫీసు మిషన్లో మొదటి దరఖాస్తు తనే నింపాడు. అందరి ముందూ బటన్ నొక్కాడు. 'మీ దరఖాస్తు పంపబడింది. ధన్యవాదాలు' అని వచ్చింది. ఫొటో తీశారు. ఫొటోలో ఫారం కనబడదు, జంబులింగం కనబడతాడు.

వాగు ఒడ్డున పొదల్లో వరాలమ్మ అని ఒక అడవిపంది ఉంటుంది. ఆమె మాట్లాడితే రహస్యం కూడా అవతలి గట్టుకి వినబడుతుంది. ఆ ఏడు ఆమెకి ఒక మంద పిల్లలు. వాగు ఎప్పుడో ఎండిపోయింది. ఇసకలో ముట్టెతో చెలమ తవ్వి, అందులో ఊరే నీళ్లు పిల్లలకి పడుతోంది. చెలమ రోజురోజుకీ లోతు పెరుగుతోంది, నీళ్లు రోజురోజుకీ తగ్గుతున్నాయి. పిల్లల్లో చివరివాడు బుడ్డోడు. గట్టిగా ఉన్నవాళ్లంతా తాగాక వాడి వంతుకి వచ్చేసరికి తడి ఇసకే మిగిలేది. వాడు దాన్నే నాకేవాడు. ఆమెకి మడుగు చీటీ కావాలి. తొందరగా కావాలి.

వరాలమ్మ ఫోన్లో ఫారం తెరిచింది. ముట్టెతో టైపు చేయడం మీకు అలవాటు లేకపోవచ్చు. ఒక అక్షరం నొక్కబోతే నాలుగు పడతాయి. అయినా పట్టు వదలకుండా పేరు, పొద, పిల్లల సంఖ్య అన్నీ నింపింది. బటన్ నొక్కింది.

ఏమీ జరగలేదు.

మళ్లీ నొక్కింది. ఏమీ జరగలేదు. ఈసారి ఎంత ఏమీ జరగలేదంటే, నింపినవి కూడా పోయాయి.

టేకు చెట్టు దగ్గరికి వెళ్లింది. కంప్యూటర్ విభాగం ఆ చెట్టు కొమ్మల నడుమ ఉంటుంది. కిష్కింధరావు పైనుంచి తోక ఒకటే కిందికి వదిలి మాట్లాడతాడు.

"బాబూ, బటన్ నొక్కితే పలకడం లేదు."

"గట్టిగా నొక్కారా?"

"ఫోను నేలలో దిగబడింది. ఇంకెంత గట్టిగా నొక్కమంటావు?"

"ఫోను ఆపేసి మళ్లీ పెట్టారా?"

"పెట్టాను."

"ఫారం దేంట్లో తెరిచారు?"

"ఫోన్లోనే. ఫారాన్ని వెలక్కాయలో తెరుస్తారా ఎవరైనా?"

కిష్కింధరావు నిట్టూర్చాడు. "ఈమెయిల్లోనే నొక్కి తెరిచి ఉంటారండీ. అలా తెరిస్తే అది చూడటానికే. ముందు ఫోన్లోకి దింపుకోవాలి. తర్వాత పీడీఎఫ్ ప్రోగ్రాంలో తెరవాలి, నింపాలి, సేవ్ చేయాలి, అప్పుడు నొక్కాలి."

"ఇదంతా ఫారం మీద రాయొచ్చు కదయ్యా?"

"రాశామండీ. ఇంకో పీడీఎఫ్ పంపాం. అది చదివినట్టు కింద 'అర్థమైంది' అని బటన్ నొక్కాలి."

"అది పనిచేస్తుందా?"

కిష్కింధరావు తోక పైకి లాగేసుకున్నాడు.

వరాలమ్మ ఇంటికి వెళ్లి, దింపి, తెరిచి, నింపి, సేవ్ చేసి, నొక్కింది. ఈసారి ఒక చిన్న పెట్టె వచ్చింది. 'మీ ఉత్తరాల ప్రోగ్రాం ఏది?' అని అడిగింది. కింద రెండు వరుసలున్నాయి. రెండూ బూడిద రంగులో ఉన్నాయి. ఏది నొక్కినా పలకవు. పెట్టెని మూయడానికి ఉన్న గుర్తు ఒక్కటే పనిచేస్తోంది.

అప్పుడే ఆమె ఫారాన్ని మొదటి నుంచి చివరి వరకూ చదివింది. ఆ అడవిలో దాన్ని అలా చదివింది ఆమె ఒక్కతే. చదివి, తిన్నగా జంబులింగం దగ్గరికి వెళ్లింది.

"సెక్రటరీ బాబూ, మూడో చదరం పక్కన 'ప్రస్తుతం వాడుకుంటున్న నీటి వసతిని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను' అని ఉందేమిటి?"

జంబులింగం తల ఎత్తలేదు. "ఉంటుందమ్మా. ప్రతి ఫారంలోనూ అలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. టిక్ పెట్టేయండి."

"పెడితే ఏమవుతుంది?"

"పెట్టకపోతే బటన్ పనిచేయదు."

"పెట్టినా పనిచేయడం లేదుగా."

"ఇలా రండి," అని జంబులింగం తన మిషన్ తిప్పి చూపించాడు. ఫారం తెరిచాడు. పేరు దగ్గర 'దంతయ్య' అని కొట్టాడు. ఆ ఆఫీసులో నమూనాకి ఏది నింపినా అధ్యక్షులవారి పేరే వేయడం మర్యాద. మరణ ధ్రువపత్రం నమూనా మీద కూడా ఆయన పేరే ఉంది. ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. దంతయ్య దాని కిందే కూర్చుంటాడు.

జంబులింగం చదరాలన్నిటికీ వరుసగా టిక్ పెట్టి బటన్ నొక్కాడు. 'మీ దరఖాస్తు పంపబడింది. ధన్యవాదాలు.'

"చూశారా? లోపం బటన్‌లో లేదు."

"ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఆ మిషన్లోనే నా పేరు కొట్టి నొక్కెయ్ బాబూ. చెలమలో నీళ్లు అడుగంటాయి. మా బుడ్డోడు పొద్దుటి నుంచి లేచి నిలబడలేదు."

"ఆఫీసు మిషన్ ఆఫీసు పనికేనమ్మా."

"పోనీ టేకాకు మీద రాసిస్తాను. పిల్లలందరి ముట్టె ముద్రలూ వేయిస్తాను."

"ఆకులు చెల్లవని చెప్పాంగా. మీకు ఇబ్బందిగా ఉంటే 'బటన్ పనిచేయడం లేదని తెలియజేసే ఫారం' పంపిస్తాను. అది నింపి, కింద..."

"బటన్ నొక్కాలా?"

"మీకు విషయం తెలుసే!" అన్నాడు జంబులింగం మెచ్చుకోలుగా.

వరాలమ్మ అక్కడ ఏమందో నేను చెప్పను. చుట్టుపక్కల పొదల్లో పిల్లలున్న తల్లులు వాళ్ల చెవులు మూశారు.

ఆమె ఒక్కతే కాదు. కుందేళ్లు అడిగాయి, దుప్పులు అడిగాయి. ముళ్లపంది అయితే ఫోనుకి నాలుగు కన్నాలు పెట్టుకుని వచ్చింది. అందుకని బటన్ సమస్యల పరిశీలన ఉపసంఘం వేశారు. బొచ్చయ్య వచ్చాడు. విప్పపువ్వు వచ్చింది.

ఉపసంఘం ఆఫీసులో కూర్చుని బటన్‌ని పరీక్షించింది. జంబులింగం దంతయ్య పేరుతో నొక్కాడు. ధన్యవాదాలు. దంతయ్య పేరుతోనే కిష్కింధరావు నొక్కాడు. ధన్యవాదాలు. అనుమానం తీరడానికి మళ్లీ దంతయ్య పేరుతోనే చాలాసార్లు నొక్కారు. తరువాత సరదా పుట్టి ఎవరి పేరుతో వాళ్లు నొక్కుకున్నారు. బొచ్చయ్యని ఆపడం కష్టమైంది. తన పేరు కొట్టడం, టిక్కులు పెట్టడం, నొక్కడం, ఆ చివరి మాట పైకి చదువుకోవడం.

"చాలించండి బొచ్చయ్యగారూ," అన్నాడు జంబులింగం.

"ఉండవయ్యా. ఇన్నేళ్లుగా సంఘంలో ఉన్నాను, నాకు ధన్యవాదాలు చెప్పినవాడు లేడు. ఇది ప్రతిసారీ చెబుతోంది."

ఉపసంఘం తేల్చింది ఏమిటంటే బటన్ భేషుగ్గా ఉంది, ప్రజల కాళ్లలో లోపం ఉంది. గిట్టలున్నవాళ్లు గోళ్లు పెంచుకోవాలని సూచించింది.

అందరూ వెళ్లిపోయాక కిష్కింధరావు నెమ్మదిగా జంబులింగం దగ్గరికి చేరాడు.

"సార్, అసలు సంగతి కనుక్కున్నాను. ఆ బటన్ తనంతట తాను ఉత్తరం పంపదు. మిషన్లో ఉన్న ఉత్తరాల ప్రోగ్రాంని లేపి 'ఇది నువ్వు పంపు' అంటుంది. మన ఆఫీసు మిషన్లలో ఆ ప్రోగ్రాం ఉంది. బయటవాళ్ల ఫోన్లలో అది లేదు. బటన్ ఎవరిని లేపుతుంది?"

"అంటే ఆఫీసులో నొక్కితేనే వెళుతుంది."

"అంతే సార్. ఫారం నింపి సేవ్ చేసి, మామూలుగా ఈమెయిల్‌కి జతచేసి పంపమని అందరికీ ఒక్క మాట చెబితే సరిపోతుంది. ఇవాళే చెప్పేస్తాను."

జంబులింగం కాసేపు కిటికీలోంచి మడుగు వైపు చూశాడు. నీళ్లు ఎండకి మెరుస్తున్నాయి.

"ఇప్పటివరకూ ఎన్ని దరఖాస్తులు వచ్చాయి?"

"ఒక్కటీ రాలేదు సార్."

"ఒక్కటీ రాలేదంటే అర్థమేమిటి?"

"బటన్ పనిచేయడం లేదని."

"కాదు కిష్కింధరావ్. అడవిలో ఎవరికీ దాహం లేదని."

కిష్కింధరావుకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక, పాపం, మొహం కొంచెం మాడ్చుకున్నాడు. కానీ మడుగు గట్టు మీద నేరేడు చెట్లున్నాయి. కాయల కాలం.

"ఎవరూ అడగని నీళ్లు సంఘానికే చెందుతాయి," అన్నాడు జంబులింగం. "అధ్యక్షులవారు స్నానం చేస్తారు. నేను ఒక గట్టు చూసుకుంటాను. నేరేడు చెట్ల వైపు గట్టు నువ్వు చూసుకో."

"సరే సార్. ఒక్క సందేహం. మనం పరీక్షకి నొక్కినవి కూడా మన పెట్టెలోకి రాలేదు సార్. 'పంపబడింది' అంటోంది గానీ రాలేదు. బటన్ లోపల ఏ చిరునామా ఉందో చూద్దామంటే ఫారానికి తాళం ఉంది. ఆ తాళం రాళ్లమెట్టవాళ్ల దగ్గర ఉంది."

"అవి నమూనాలు కదయ్యా. అసలైనవి కావని దానికి తెలుసు."

"బటన్‌కా సార్?"

"పనిచేస్తున్నదాన్ని కెలక్కు," అన్నాడు జంబులింగం.

నివేదిక తయారైంది. 'విస్తృత ప్రచారం చేసినప్పటికీ దరఖాస్తులేవీ రాలేదు. కావున ఈ అడవిలో దాహం నిర్మూలించబడింది.' దంతయ్య తల ఊపాడు. దాహం నిర్మూలించిన సందర్భంగా ఆయన నల్లమడుగులో స్నానం చేసేట్టు, అందరూ వచ్చి గట్టు మీద నిలబడి చూసేట్టు ఏర్పాటు చేశారు. ఆ సంగతి అందరికీ తెలిసేట్టు కోతులతో దండోరా కూడా వేయించారు.

ఆ ఉదయం వరాలమ్మ చెలమలోకి దిగి తవ్వింది. తవ్వుతూ తవ్వుతూ భుజాల దాకా మునిగింది. చివరికి ముట్టెకి రాయి తగిలింది. రాయి పొడిగా ఉంది.

బుడ్డోడు కళ్లు తెరవడం లేదు. వాడిని నోట కరుచుకుని, మిగతా పిల్లల్ని వెంటేసుకుని, తిన్నగా మడుగు దగ్గరికి వెళ్లింది.

గట్టు మీద బొమికయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"చీటీ ఉందా వరాలక్కా?"

ఆమె బుడ్డోడిని గడ్డిలో దించింది. "ఒరేయ్ బొమికయ్యా, చిన్నప్పుడు నీ కాల్లో తుమ్మముల్లు దిగి కుంటుతూ తిరుగుతుంటే ఎవర్రా తీసింది?"

"నువ్వేనక్కా."

"మరి?"

"అప్పుడు నాకు ఉద్యోగం లేదక్కా."

"నీ ఎదురుగా పసివాడు పోతుంటే చూస్తావురా?"

బొమికయ్య బుడ్డోడి వైపు చూశాడు. తరువాత ఆకాశం వైపు చూశాడు. "ఉద్యోగం ఉన్నంతసేపు నేనేం చేయలేనక్కా," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు గానీ కాలు మాత్రం కదపలేదు.

వరాలమ్మ అతన్ని కుమ్మేసేదే. తల కూడా వంచింది. సరిగ్గా అప్పుడే డప్పులు వినబడ్డాయి. దంతయ్య ఊరేగింపు వచ్చేసింది. ముందు జంబులింగం, పక్కన కిష్కింధరావు, ఆ వెనక ఒళ్లు తుడుచుకునే గుడ్డ పట్టుకుని బొచ్చయ్య, వాళ్ల వెనక దాహం లేని ప్రజలంతా నాలుకలు వేలాడేసుకుని వచ్చారు.

దంతయ్య తొండం చాపి మడుగు వైపు అడుగు వేశాడు.

"ఒక్క నిమిషం," అంది అవతలి పొదల్లోంచి ఒక గొంతు.

పొదల్లోంచి ఒక పెద్దపులి వచ్చింది. ఆమె వెనక మరికొన్ని వచ్చాయి. అన్నీ మెడలో పూలదండలు వేసుకుని ఉన్నాయి.

"నా పేరు చారుమతి. రాళ్లమెట్ట అడవిలో వలస స్వాగతాధికారిని," అంది ముందున్న పులి ఎంతో మర్యాదగా. "దంతయ్యగారంటే మీరేనా? మీ ఉత్సాహం చూసి మా సంఘమంతా చలించిపోయింది. ఇన్ని దరఖాస్తులు మాకు ఎవరూ పెట్టలేదు."

"దేనికి దరఖాస్తులు?" అన్నాడు దంతయ్య.

"రాళ్లమెట్టకి శాశ్వతంగా వలస వస్తామని. మా దగ్గర జంతువులు బాగా తగ్గిపోయాయి కదా, అందుకే ఆ ఫారం తయారుచేశాం. మీ సెక్రటరీగారికి శిక్షణలో ఒకటి ఇచ్చాం కూడా. పై వరుసలో ఏదో మారింది గానీ మేం పై వరుస చూడం. పేరు, టిక్కులు చూస్తాం. అన్ని టిక్కులూ ఉన్నాయి."

జంబులింగం మొహం తెల్లబోయింది. "అవి నమూనాలమ్మా!"

"నమూనా అని ఎక్కడా లేదే. ఇక్కడి నీటి వసతిని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నామని ఉంది." చారుమతి తన దగ్గరున్న జాబితా విప్పింది. "దంతయ్యగారు. మళ్లీ దంతయ్యగారు. ఇక్కడి నుంచి ఈ పుటంతా దంతయ్యగారే. జంబులింగంగారు, మీది మొట్టమొదటి దరఖాస్తు, అభినందనలు. కిష్కింధరావుగారు. బొచ్చయ్యగారు, బొచ్చయ్యగారు, బొచ్చయ్యగారు..."

"నేను ధన్యవాదాల కోసం నొక్కాను," అన్నాడు బొచ్చయ్య చిన్న గొంతుతో.

"వాటిని వెనక్కి తీసుకుంటాం," అన్నాడు జంబులింగం.

"తప్పకుండా తీసుకోవచ్చు. దానికి వేరే ఫారం ఉంది, ఈమెయిల్ చేస్తాం. నింపి కింద బటన్ నొక్కితే చాలు." చారుమతి కొంచెం ఆగి, "ఆ బటన్ పనిచేయడం లేదని ఫిర్యాదులున్నాయి, చూస్తున్నాం," అంది.

దంతయ్య ఇంక ఆగలేక మడుగు వైపు రెండో అడుగు వేశాడు. బొమికయ్య వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"తప్పుకోరా!"

"ఈ నీళ్లు మీరు వదులుకున్నారంట కదయ్యగారూ. నియమం ఒప్పుకోకపోతే మిమ్మల్నైనా సరే గట్టు మీదే ఆపమన్నారు. నేను గుర్తుపెట్టుకున్నాను," అన్నాడు బొమికయ్య. గుర్తుపెట్టుకున్నందుకు అతని మొహంలో గర్వం కనబడింది.

దంతయ్య చుట్టూ చూశాడు. ప్రజలు చూస్తున్నారు. పులులు చూస్తున్నాయి. "బయలుదేరుదామా?" అని అడిగింది చారుమతి.

భయంతోనో, అలవాటుతోనో, దంతయ్య తల ఊపాడు.

"అంగీకరించారు," అని రాసుకుంది చారుమతి. పులులు తమ మెడల్లో దండలు తీసి సంఘం సభ్యుల మెడల్లో వేశాయి. తరువాత వాళ్లని నడుమ పెట్టుకుని రాళ్లమెట్ట దారి పట్టాయి. ఎవరి మీదా గోరు పడలేదు. చాలా మర్యాదగా జరిగింది. డప్పులవాళ్లకి ఎప్పుడు ఆపాలో తెలియక చివరిదాకా వాయించారు.

గట్టు మీద మిగిలిన దుప్పులు, కుందేళ్లు, ముళ్లపంది, అందరూ బొమికయ్య వైపే చూస్తున్నారు. బొమికయ్య ఆలోచిస్తున్నాడు. ఆ పని చేస్తున్నప్పుడు అతను ఇంకో పని చేయలేడు కాబట్టి అందరూ ఆగారు.

"అక్కా," అన్నాడు చివరికి, "ఇప్పుడు చీటీలు ఎవరిస్తారు?"

"సంఘం ఇవ్వాలి," అంది వరాలమ్మ.

"సంఘం ఎక్కడుంది?"

"దారిలో ఉంది. ఆ మలుపు కూడా తిరిగేసింది."

"నాకు ఉద్యోగం ఇచ్చింది కూడా సంఘమే."

"సంఘమే."

"అంటే ఇప్పుడు నాకు ఉద్యోగం లేనట్టేనా?"

"లేనట్టేరా."

"అయితే వెళ్లక్కా," అని బొమికయ్య పక్కకి జరిగాడు.

వరాలమ్మ బుడ్డోడిని ఎత్తుకెళ్లి నీళ్ల అంచున పెట్టింది. ముందు వాడు కదల్లేదు. ఆమె ముట్టెతో కాసిని నీళ్లు వాడి మొహం మీద కొట్టింది. వాడు తుమ్మాడు. తుమ్మి, కళ్లు మూసుకునే తాగడం మొదలుపెట్టి, మొహం మొత్తం మునిగేదాకా తాగాడు. వాడి పక్కన మిగతా పిల్లలు, వాళ్ల పక్కన దుప్పులు, కుందేళ్లు వరుసగా నిలబడి తాగాయి. చివరికి బొమికయ్య కూడా వచ్చి వంగాడు. వేసవి మొదలైనప్పటి నుంచీ ఆ నీళ్ల పక్కనే నిలబడ్డాడు గానీ అతనికి కూడా చీటీ లేదు. అతని ఫోన్లోనూ బటన్ పనిచేయలేదట.

ఆ వేసవి అంతా మడుగులో దాహం వేసినవాళ్లు తాగారు. తాగాక ఇళ్లకి వెళ్లారు.

రాళ్లమెట్ట సంగతులు అప్పుడప్పుడు తెలుస్తుంటాయి. అక్కడ ఫారాలన్నీ చక్కగా నడుస్తున్నాయి. ఏ మిషన్లో నొక్కినా బటన్ పనిచేస్తుంది. బొచ్చయ్య రోజంతా నొక్కుకుంటున్నాడు. దంతయ్యకి నీళ్ల చీటీ మొదటి రోజే వచ్చింది. నీళ్లు లేవు.

నీతి: మీ బటన్ పనిచేయడం లేదని బెంగపెట్టుకోకండి; పనిచేసినవాళ్లు ఇంకా తిరిగి రాలేదు.